వేవ్స్, హీట్, ఈఎం: సొల్యూషన్ చూస్తే అర్థమవుతుంది, సొంతంగా మొదలుపెట్టాలంటే చేయి కదలట్లేదు

ప్రశ్న: కొత్తఫిజిక్స్

అందరికీ నమస్తే. యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ చదువుతున్నాను. మెకానిక్స్ నడిచినన్నాళ్లూ ఇబ్బంది లేదు. బొమ్మ గీసుకుని, బలాలన్నీ గుర్తించి, ఎఫ్ ఈక్వల్స్ ఎమ్‌ఏ రాసేస్తే లెక్క దానంతటదే ముందుకు పోయేది. ఆ తర్వాత వేవ్స్, హీట్, ఇప్పుడు ఎలక్ట్రోమాగ్నెటిజం వరసగా వచ్చి పడ్డాయి, వీటిలో ఆ మొదటి లైను ఏం రాయాలో తోచట్లేదు. సొల్యూషన్ ముందు పెట్టుకుంటే ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది, అది మూసేసి పక్క లెక్క తీస్తే మాత్రం ముందుకు కదలదు.

ఉదాహరణకి వేవ్స్‌లో ఎక్స్, టీ రెండూ ఒకే సైన్ లోపల ఉంటాయి కదా, ఆ ఎక్స్ దేని స్థానం? కదిలే తీగ ముక్కదా, వేవ్‌దా? హీట్‌లో ఒక పుస్తకం క్యూ మైనస్ డబ్ల్యూ అంటుంది, ఇంకోటి క్యూ ప్లస్ డబ్ల్యూ అంటుంది, పైగా వేడి ఇస్తున్నా టెంపరేచర్ పెరగని లెక్కలు. గాస్ లా అయితే మరీ టెన్షన్, ఆ సర్ఫేస్ ఎక్కడ గీయాలో ఎవరు చెబుతారు? ఫార్ములాలన్నీ బట్టీ పట్టేయడమేనా, వేరే దారి ఉందా? ముందు మ్యాథ్స్ సరిచేసుకుని రావాలా? దయచేసి కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: తీగమీదఅల

మీరు అడిగిన ఆ మొదటి లైనులోనే అంతా ఉంది. మెకానిక్స్‌లో ఎఫ్ ఈక్వల్స్ ఎమ్‌ఏ కంటే ముందే మీరు ఒక పని చేసేవారు, అదేంటంటే ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడం. అక్కడ అది దిమ్మో బంతో, కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి తేల్చుకున్నట్టే అనిపించదు. వేవ్స్ నుంచి అలా ఎదురుగా ఏదీ ఉండదు, దేని గురించి రాస్తున్నామో మనమే ఎంచుకోవాలి. ఈ మూడు టాపిక్కుల్లో అందరూ తడబడేది అక్కడే అని నా అభిప్రాయం. మిగతావి ఇంకెవరైనా చెబుతారు, నేను వేవ్స్ వరకే చెబుతాను.

ఎక్స్ అనేది చిరునామా, అంతే. తీగ మీద ఏ చోటు గురించి అడుగుతున్నామో అది చెబుతుంది. ఆ చోట ఉన్న తీగ ముక్క ఎటూ ప్రయాణం చేయదు, ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగడం ఎంతో వై చెబుతుంది. అంకెలు పెట్టి చూడండి. ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్, తరంగదైర్ఘ్యం అర మీటరు, కంపన పరిమితి 2 మిల్లీమీటర్లు అనుకుందాం. వేవ్ వేగం 100 ఇంటూ 0.5, అంటే సెకనుకు 50 మీటర్లు. తీగ ముక్క గరిష్ఠ వేగం ఒమేగా (అంటే 2 పై ఇంటూ ఫ్రీక్వెన్సీ) ఇంటూ కంపన పరిమితి, అంటే 628 ఇంటూ 0.002, సెకనుకు సుమారు 1.26 మీటర్లు. ఒకే తీగ మీద ఒకే సమయంలో రెండు వేగాలు, రెంటికీ దిశ కూడా వేరు. రెండోది కంపన పరిమితిని బట్టి మారుతుంది, మొదటిదానికి దాంతో పని లేదు, అది తీగ బిగువునీ మీటరుకు ఎంత బరువుందన్నదాన్నీ బట్టే ఉంటుంది. బిగువు నాలుగు రెట్లు చేస్తే వేవ్ వేగం రెట్టింపవుతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తే వేగం మారదు, తరంగదైర్ఘ్యం సగమవుతుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక పని చేయండి. కుడివైపుకి పోతున్న ఒక పల్స్ గీయండి, కానీ సౌష్ఠవంగా వద్దు, ముందు భాగం నిటారుగా, వెనక భాగం మెల్లగా వాలుతూ ఉండాలి. ఇది ఒక క్షణంలో తీగ మొత్తానికి ఫొటో, అడ్డం అక్షం మీద ఎక్స్ ఉంటుంది. ఇప్పుడు తీగ మీద ఒకే చోట చూపు నిలిపి, ఆ ముక్క కాలంతోపాటు ఎలా కదిలిందో రెండో గ్రాఫ్ గీయండి, ఈసారి అడ్డం అక్షం మీద టీ. ఆకారం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఎందుకంటే నిటారు భాగం ముందు వస్తుంది కాబట్టి టైమ్ గ్రాఫ్‌లో అది ఎడమ పక్కన పడుతుంది. ఈ రెండు గ్రాఫులూ చూడకుండా గీయగలిగారంటే మీ మొదటి డౌట్ తీరినట్టే. ఏ వేవ్ లెక్కైనా తీయగానే ఇది ఫొటోనా, ఒక చోట నిలబడి చూసిన చరిత్రా అని పక్కన రాసుకోండి.

హీట్‌కి వెళ్లేముందు ఇంకొక్కటి, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. గాలిలో ధ్వని వేగానికి న్యూటన్ లెక్క కట్టినప్పుడు, గాలి నొక్కుకుపోయి సాగుతున్నంతసేపూ టెంపరేచర్ మారదన్న లెక్కలో పోయాడు. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర అలా చేస్తే సెకనుకు సుమారు 280 మీటర్లు వస్తుంది, కొలిస్తేనేమో దాదాపు 331. తేడా ఎక్కడుందో లాప్లాస్ చెప్పాడు: ధ్వనిలో నొక్కుడు, సాగుడు ఎంత వేగంగా జరుగుతాయంటే పక్కకి వేడి పారేంత వ్యవధి ఉండదు, కాబట్టి అది స్థిరోష్ణక ప్రక్రియ. అప్పుడు వేగం సూత్రంలోని వర్గమూలం లోపలికి గామా (స్థిర పీడనం, స్థిర ఘనపరిమాణం దగ్గరి విశిష్టోష్ణాల నిష్పత్తి), గాలికైతే 1.4, వచ్చి చేరుతుంది. దాని వర్గమూలం సుమారు 1.183, దాన్ని 280తో గుణించి చూడండి.

జవాబు: పిస్టన్‌పక్కన

పైన లాప్లాస్ దగ్గర ఆపారు కాబట్టి అక్కణ్ణుంచే అందుకుంటాను. థర్మోలో మీరు ఎంచుకోవాల్సింది రెండు: సిస్టమ్ ఏది, ఏ దారిలో మారింది. చాలామంది మొదటిది రాస్తారు, రెండోది వదిలేస్తారు, అక్కడే లెక్క బోల్తా పడుతుంది.

ముందు గుర్తుల గొడవ. రెండు పుస్తకాలూ రాసేది గ్యాస్ అంతర్గత శక్తిలో మార్పే, క్యూ అంటే లోపలికి వచ్చిన వేడి. క్యూ మైనస్ డబ్ల్యూ అన్న పుస్తకంలో డబ్ల్యూ అంటే గ్యాస్ బయటివాటి మీద చేసిన పని. ప్లస్ అన్న పుస్తకంలో డబ్ల్యూ అంటే గ్యాస్ మీద బయటివి చేసిన పని. చెప్పేది ఒకటే. ప్రతిసారీ ఒకటే పరీక్ష పెట్టండి: వేడి బయటికి పోనీయకుండా పిస్టన్ నొక్కితే గ్యాస్ వేడెక్కాలి. మీరు రాసింది ఆ జవాబు ఇస్తే గుర్తు సరిగ్గా ఉన్నట్టే.

ఇక దారి సంగతి. ఒక మోల్ ఏకపరమాణుక ఆదర్శ వాయువు, 300 కెల్విన్ దగ్గర ఉంది, ఘనపరిమాణం రెట్టింపు చేస్తాం. ఇది మూడు రకాలుగా జరగొచ్చు.

మొదటిది, టెంపరేచర్ మారకుండా నెమ్మదిగా సాగడం. గ్యాస్ చేసిన పని ఆర్ టీ ఇంటూ లాగ్ 2 (సహజ లాగరిథమ్), సుమారు 1729 జౌళ్లు. అంతర్గత శక్తి మారలేదు కాబట్టి సరిగ్గా అంతే వేడి లోపలికి వచ్చింది. వేడి ఇస్తున్నా టెంపరేచర్ ఎందుకు పెరగలేదన్న మీ డౌట్‌కి జవాబు ఇదే, వచ్చిందంతా వచ్చినట్టే పిస్టన్‌ని తోయడానికి పోయింది.

రెండోది, వేడి రాకుండా పోకుండా నెమ్మదిగా సాగడం. ఇప్పుడు పని చేయడానికి సొంత శక్తే ఖర్చవ్వాలి, టెంపరేచర్ 189 కెల్విన్‌కి పడిపోతుంది, పని సుమారు 1384 జౌళ్లు.

మూడోది చాలా ముఖ్యం. డబ్బా మధ్యలో గోడ, అవతల శూన్యం, చుట్టూ వేడి పోని కవచం. గోడ ఒక్కసారి తీసేస్తే గ్యాస్ అంతటా పరుచుకుంటుంది. తోయడానికి ఎదురుగా ఏమీ లేదు కాబట్టి పని సున్నా, వేడీ సున్నా, టెంపరేచర్ 300 దగ్గరే ఉంటుంది. ఇక్కడ క్యూ సున్నా అని చూడగానే స్థిరోష్ణక ఫార్ములా, పీ ఇంటూ వీ పవర్ గామా (ఈ వాయువుకి గామా 5/3), వేసేస్తే 189 వస్తుంది, అది తప్పు. ఆ ఫార్ములా క్యూ సున్నా అయితే చాలని చెప్పదు, మార్పు ప్రతి క్షణం సమతాస్థితికి దగ్గరగా నెమ్మదిగా జరగాలని కూడా అడుగుతుంది.

ఇప్పుడు మొదటిదాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదలు ఒకటే, ముగింపు ఒకటే, 300 కెల్విన్, రెట్టింపు ఘనపరిమాణం. పని మాత్రం ఒకచోట 1729, ఇంకోచోట సున్నా. అందుకే వేడి, పని అనేవి గ్యాస్‌లో దాగి ఉండే సరుకులు కావు, దారిని బట్టి వచ్చేవి. ఎంట్రోపీ (శక్తి ఎంతగా చెల్లాచెదురైందో చెప్పే కొలత) అలా కాదు, అది మొదలూ ముగింపుల్ని బట్టే ఉంటుంది కాబట్టి గ్యాస్ ఎంట్రోపీ రెండుచోట్లా ఆర్ లాగ్ 2, అంటే కెల్విన్‌కి 5.76 జౌళ్లు, పెరిగింది. ఈ మూడింటినీ పీ వీ గ్రాఫ్ మీద గీయడానికి ప్రయత్నించండి, మూడోదానికి గీత గీయలేరు, రెండు చివరల చుక్కలు మాత్రమే పెట్టగలరు. ఎందుకో సొంత మాటల్లో రాయండి, చాప్టర్ సగం వచ్చేసినట్టే.

జవాబు: క్షేత్రంలో

మ్యాథ్స్ సంగతి ముందు. అంతా నేర్చుకున్నాకే ఫిజిక్స్ మొదలుపెడతానంటే ఎప్పటికీ మొదలవ్వదు. పాక్షిక అవకలనం, ఒక దారి వెంట సమాకలనం, ఒక తలం మీద సమాకలనం, ఈ మూడూ ఏం అడుగుతున్నాయో తెలిస్తే చాలు, ఫస్ట్ ఇయర్ లెక్కల్లో చాలావరకు అవి గుణకారంగా తేలిపోతాయి. బట్టీ విషయంలో మాత్రం కొంచెం వేరే మాట చెబుతాను. కొన్ని నోటికి రావాల్సిందే, మూల నియమాలు ప్రతిసారీ వెతుక్కుంటే ఆలోచన తెగిపోతుంది. కానీ గోళానికి ఒకటి, తీగకి ఒకటి, పలకకి ఒకటి అని గాస్ ఫలితాలన్నీ బట్టీ పట్టొద్దు, అవి రెండు లైన్లలో వస్తాయి.

సర్ఫేస్ ఎవరు చెబుతారంటే, చార్జ్ అమరికలోని సౌష్ఠవం చెబుతుంది. గాస్ లా, అంటే మూసిన తలం గుండా బయటికి పోయే ఫీల్డ్ మొత్తం (ఫ్లక్స్) లోపలి చార్జ్‌ని బట్టే ఉంటుందన్న నియమం, ఎప్పుడూ నిజమే, కానీ దాంతో ఫీల్డ్ కట్టగలిగేది కొన్నిచోట్లే. ఒక ఘనం మధ్యలో చార్జ్ పెట్టండి. ఆరు ముఖాలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒక్కో ముఖం నుంచి మొత్తం ఫ్లక్స్‌లో ఆరో వంతు పోతుంది, ఇంతవరకు కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ ముఖం మీద ఫీల్డ్ ఎంత అంటే మాత్రం ఇలా చెప్పలేం, ముఖం మధ్యలో ఒక విలువ, మూలల్లో ఇంకో విలువ, దిశ కూడా వేరు. అదే గోళం తీసుకుంటే అన్నిచోట్లా ఒకే విలువ, నేరుగా బయటికే, కాబట్టి ఫీల్డ్‌ని సమాకలనం బయటికి తీసేయొచ్చు. సర్ఫేస్ గీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని మీద ఫీల్డ్ ఒకేలా ఉందా, లేదా తలానికి సమాంతరంగా జారిపోయి లెక్కలోకి రాకుండా ఉందా? రెండూ కాకపోతే అది పనికిరాదు, కూలంబ్ నియమంతో ముక్కముక్కగా కూడుకోవడమే.

ఇంకోటి, ఫ్లక్స్ సున్నా అంటే ఫీల్డ్ సున్నా అని కాదు. చార్జ్‌ని గోళం బయట పెట్టండి, ఒక పక్క నుంచి ఎంత లోపలికి వచ్చిందో ఇంకో పక్క నుంచి అంతే పోతుంది, మొత్తం సున్నా, కానీ లోపల ఎక్కడ చూసినా ఫీల్డ్ ఉంది.

ప్రశ్న అడిగినవారు: కొత్తఫిజిక్స్

ముగ్గురికీ చాలా థాంక్స్. పల్స్ గ్రాఫులు గీశాను, తిరగబడడం చూశాక ఎక్స్ మైనస్ వీ టీ లోని మైనస్ గుర్తు ఏం చేస్తోందో అర్థమైంది. శూన్యంలోకి సాగే గ్యాస్‌కి గీత ఎందుకు గీయలేమంటే, మధ్యలో గ్యాస్ అంతటికీ కలిపి ఒక ప్రెజర్ అంటూ ఉండదు కాబట్టి అని రాసుకున్నాను, సరేనా?

ఇప్పుడు ఇంకో చోట ఆగాను. లూప్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కరెంట్‌తో కలిపే యాంపియర్ లాలో, లూప్ గుండా పోయే కరెంట్ అంటారు కదా. చార్జ్ అవుతున్న కెపాసిటర్‌కి వెళ్లే తీగ చుట్టూ లూప్ గీసి, దానికి చదునైన సర్ఫేస్ తీసుకుంటే తీగ దాన్ని పొడుచుకుని పోతుంది, కరెంట్ ఐ. అదే లూప్‌కి సర్ఫేస్‌ని సంచిలా ఉబ్బించి ప్లేట్ల మధ్య నుంచి పోనిస్తే అక్కడ ఏ తీగా లేదు, కరెంట్ సున్నా. మరి అయస్కాంత క్షేత్రం ఏ జవాబు వినాలి?

జవాబు: క్షేత్రంలో

ప్రెజర్ గురించి రాసింది సరిగ్గా ఉంది.

కెపాసిటర్ దగ్గర మీరు పట్టుకున్నది మామూలు డౌట్ కాదు, స్థిరమైన కరెంట్లకి సరిపోయిన నియమం ఇక్కడ నిజంగానే సరిపోదు. ప్లేట్ల మధ్య తీగ లేదు కానీ విద్యుత్ క్షేత్రం ఉంది, అది పెరుగుతోంది. ఎంత పెరుగుతోందో కట్టండి. ప్లేట్ల మధ్య ఫీల్డ్ అంటే చార్జ్‌ని ఎప్సిలాన్ నాట్ (శూన్యానికి విద్యుత్ స్థిరాంకం), ప్లేటు వైశాల్యం రెండిటితో భాగిస్తే వచ్చేది. కాబట్టి ఎప్సిలాన్ నాట్ ఇంటూ ఫ్లక్స్ అంటే సరిగ్గా చార్జే, అది మారే రేటు సరిగ్గా ఐ. మ్యాక్స్‌వెల్ ఈ పదాన్నే కరెంట్ పక్కన చేర్చాడు. ఇప్పుడు చదును సర్ఫేస్ తీసుకున్నా, ఉబ్బిన సర్ఫేస్ తీసుకున్నా జవాబు ఒకటే.

ఆ ఒక్క పదం చేరాక మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు, రెంటినీ కలిపితే మీరు తీగ మీద చూసిన వేవ్ సమీకరణమే బయటికి వస్తుంది. బిగువు, బరువు ఉండే చోట మ్యూ నాట్ (శూన్యానికి అయస్కాంత స్థిరాంకం), ఎప్సిలాన్ నాట్ ఉంటాయి. రెంటినీ గుణించి, వర్గమూలం తీసి, తిరగేస్తే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. కాలిక్యులేటర్‌లో మీరే వేసి చూడాలి, ఇంకొకరు చెబితే వినడం వేరు. 1880ల చివర్లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని ప్రయోగంలో పుట్టించి పట్టుకున్నాడు.

ఇప్పుడు మీ వంతు. గుండ్రటి ప్లేట్లు, మధ్యలో ఫీల్డ్ అంతటా ఒకేలా ఉందనుకోండి. నడిమి అక్షం నుంచి సగం వ్యాసార్ధం దూరంలో అయస్కాంత క్షేత్రం ఎంత? వేరేవాళ్ల సొల్యూషన్ చూడకుండా, మొదటి లైనులో మీరు ఏ లూప్, ఏ సర్ఫేస్ తీసుకున్నారో రాసి మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: కొత్తఫిజిక్స్

లూప్: సగం వ్యాసార్ధం ఉన్న వృత్తం, ప్లేట్లకి సమాంతరంగా, వాటి మధ్యలో. సర్ఫేస్: దాని లోపలి చదునైన బిళ్ల. వైశాల్యం నాలుగో వంతు కాబట్టి ఐలో నాలుగో వంతు లెక్కలోకి వస్తుంది, లూప్ పొడవు సగం. ప్లేటు అంచు దగ్గర ఉండే విలువలో సగం వచ్చింది.

జవాబు: క్షేత్రంలో

కరెక్ట్. ఇప్పుడు అంచు దాటి బయటికి వెళ్లి, రెండు వ్యాసార్ధాల దూరంలో కూడా కట్టండి, అక్కడా సగమే వస్తుంది, కానీ కారణం వేరు.