దంతవైద్యుడి పేరెత్తితే నోరు బిగిస్తున్న పాపను ఎలా తీసుకువెళ్ళాలి?

మాది గుంటూరు, బ్రాడీపేట. పాపకు నాలుగేళ్ళు. కింది దవడ పంటి మీద నల్లటి మచ్చ కనిపిస్తే గత నెల ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళాము. కుర్చీ వెనక్కి వాలగానే ఏడుపు లంకించుకుంది. "కదిలితే సూది పొడుస్తాను" అని అక్కడివారు బెదిరించారు. అంతే, ఇప్పుడు తెల్లకోటు కనిపించినా పెదవులు బిగించేస్తోంది. తప్పు మాదీ ఉంది లెండి. అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తామని ఇన్నాళ్ళూ భయపెట్టింది మేమే.

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అంటారు మా అత్తయ్యగారు. కానీ దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు ఉండవలసినవి. అంతవరకు నొప్పితో ఎలా నములుతుంది? రాత్రి చక్కెర పాల సీసా మాన్పించాను (మూడు రాత్రులు ఇల్లంతా జాగారమే). బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా నేనే తోముతున్నాను.

బొమ్మకు పళ్ళు లెక్కపెట్టే ఆట ఆడిస్తే భయం తగ్గుతుందా? మొదటి రోజు చికిత్స జోలికి పోకుండా కుర్చీ, చిన్న అద్దం మాత్రమే చూపించి పంపమని డాక్టరును అడగవచ్చా? గుంటూరులోనో విజయవాడలోనో పిల్లల దంతవైద్యులను ఎంచుకున్నవారు ముందుగా ఫోనులో ఏమేమి అడిగారు? మచ్చ పెరుగుతోంది, ఎక్కువ రోజులు ఆగలేను.