3/8 మైలు మట్టి ట్రాక్‌కి వెనక ఇరుసు: ఫోర్డ్ 9 అంగుళాలదా, క్విక్‌చేంజా?

ప్రశ్న: అయోవాలో 3/8 మైలు మట్టి ఓవల్ మీద నడిపే కారు. స్మాల్ బ్లాక్ షెవీ ఇంజన్, దాని బలం 6,800 ఆర్‌పీఎం దగ్గర. వెనక కుడి టైరు చుట్టుకొలత 90 అంగుళాలు, ఎడమది 86. స్ట్రెయిట్ చివర వేగం గంటకు సుమారు 80 మైళ్లు. ఇప్పుడున్నది సీ-క్లిప్ (యాక్సిల్ షాఫ్ట్‌ని లోపలి చివర పట్టి ఉంచే క్లిప్పు) ఉన్న జీఎం 10 బోల్టు ఇరుసు. ఫోర్డ్ 9 అంగుళాలది వేయాలా, క్విక్‌చేంజ్ (గేర్లు త్వరగా మార్చుకునే ఇరుసు) కొనాలా? ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుని తిప్పే గొట్టం) అల్యూమినియంది వేస్తే లాభమా?

జవాబు 1: ముందు ఆ సీ-క్లిప్ ఇరుసు తీసేయండి. అందులో చక్రాన్ని పట్టి ఉంచేది యాక్సిల్ షాఫ్టే. షాఫ్ట్ విరిగితే చక్రం షాఫ్ట్ ముక్కతో సహా బయటికి వచ్చేస్తుంది. ఫ్లోటర్ హబ్‌లో బరువంతా హౌసింగ్ గొట్టం మీది బేరింగులే మోస్తాయి, షాఫ్ట్ పని తిప్పడం వరకే. అది విరిగినా చక్రం ఊడదు. డబ్బు తక్కువగా ఉంటే మొదటి ఖర్చు ఫ్లోటర్ హబ్‌ల మీదే పెట్టండి, మిగతావి తర్వాత.

ఇక రెండింటిలో ఏదంటే, ఎన్ని ట్రాకులకు వెళ్తారన్నదే తేల్చాలి. ఒకే ట్రాక్ అయితే ఫోర్డ్ 9 అంగుళాలది బాగా సరిపోతుంది. బలమైనది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, క్రౌన్-పినియన్ (షాఫ్ట్ తిరుగుడుని చక్రాల వైపు మళ్లించే గేర్ల జత) ఉన్న సెంటర్ మొత్తం ముందు వైపుకి ఊడి వస్తుంది. కానీ రేషియో (చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది) మార్చాలంటే యాక్సిల్ షాఫ్టులు లాగి ఆ సెంటర్‌నే మార్చాలి, అంటే బిగించి ఉంచిన రెండో సెంటర్ చేతిలో ఉండాలి. ఈ వారం 3/8, వచ్చే వారం అర మైలు అంటే క్విక్‌చేంజే తీసుకోండి. వెనక మూత విప్పి రెండు స్పర్ గేర్లు మారిస్తే పని అయిపోతుంది. కొనే ముందు మీ క్లాసు రూల్‌బుక్ చూడండి. చాలా స్టాక్ క్లాసుల్లో క్విక్‌చేంజ్‌కి అనుమతి ఉండదు.

ప్రశ్న: రేషియో ఎంత పెట్టాలి?

జవాబు 1: వేగం (మైళ్లలో) × రేషియో × 1056, దాన్ని టైరు చుట్టుకొలతతో (అంగుళాల్లో) భాగిస్తే ఆర్‌పీఎం. మీ రెండు టైర్ల సగటు 88, 1056 ÷ 88 అంటే సరిగ్గా 12. కాబట్టి మీకు వేగం × రేషియో × 12. రేషియో 6.19 అయితే 80 × 6.19 × 12 = 5,942. ఇది చక్రం జారకపోతే వచ్చే లెక్క. మట్టి మీద జారకుండా ఉండదు. పది శాతం జారితే టాకోమీటర్ 6,500 దాటి చూపిస్తుంది. అందుకే సూత్రం మొదటి రోజు వరకే. ఆ తర్వాత టాకోమీటర్‌నే నమ్మండి: కొత్త రేషియో = పాత రేషియో × కావలసిన ఆర్‌పీఎం ÷ వచ్చిన ఆర్‌పీఎం. 6.19తో 6,500 వచ్చి, మీకు 6,800 కావాలంటే 6.48.

క్విక్‌చేంజ్‌లో క్రౌన్-పినియన్ 4.86 అయితే, కింది గేరుకు 22 పళ్లు, పై గేరుకు 28 పళ్లు అనుకుందాం: 4.86 × 28 ÷ 22 = 6.19. అదే జతను తారుమారు చేసి బిగిస్తే 3.82 అవుతుంది, కారు స్ట్రెయిట్ మీద ఈడ్చుకుంటూ పోతుంది. మూత బిగించే ముందు చిన్న గేరు కిందే ఉందో లేదో చూడండి. స్పర్ గేర్లు జతలుగానే వస్తాయి, వేరే జతలోవి కలపకండి.

జవాబు 2: షాఫ్ట్ సంగతి. అల్యూమినియం తేలికే, కానీ మట్టి ట్రాక్‌లో రాయి తగిలి సొట్ట పడితే అక్కడే బలం పోతుంది. మీ స్థాయికి 2 అంగుళాల స్టీలు గొట్టం చాలు. దానికి తెల్ల రంగు వేయండి, ఊడి ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాళ్లకి కనబడాలి. ముందు జాయింట్ (షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే, వంగగల కీలు) వెనక చుట్టూ మూసిన స్టీలు లూప్ తప్పనిసరి. అది లేకపోతే ముందు జాయింట్ విరిగినప్పుడు షాఫ్ట్ ముక్కు నేలలో గుచ్చుకుంటుంది, లేదా ఫ్లోర్ చీల్చుకుని డ్రైవరు దగ్గరికే వస్తుంది.

పొడవు కొలిచేటప్పుడు కారు చక్రాల మీద, డ్రైవరు బరువుతో నిలబడి ఉండాలి. స్లిప్ యోక్‌ని (షాఫ్ట్ ముందు చివర జారే ముక్కని) గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా తోసి, ముప్పావు నుంచి ఒక అంగుళం వెనక్కి లాగి, అక్కడి నుంచి కొలవండి. తర్వాత వెనక సస్పెన్షన్‌ని పూర్తిగా పైకీ కిందికీ ఆడించి చూడండి. యోక్ లోపల తగిలితే గేర్‌బాక్స్ టెయిల్ బుష్ పోతుంది. మరీ బయటికొస్తే స్ప్లైన్ల పట్టు తగ్గుతుంది.

యూ-జాయింట్, అంటే మన మెకానిక్‌లు యూజే క్రాస్ అనేది, 1310 కన్నా 1350 సైజు మంచిది. కప్పు (క్రాస్ చివర సూది బేరింగులు ఉండే మూత) వ్యాసం 1.062 నుంచి 1.188 అంగుళాలకు పెరుగుతుంది. గ్రీజు నిప్పిల్ లేనిది కొనండి. నిప్పిల్ కోసం క్రాస్‌లో రంధ్రం వేస్తారు, పగులు అక్కడే మొదలవుతుంది. ఆ కప్పులను పట్టే యూ-బోల్టులను బలమంతా పెట్టి బిగించకండి: 1350కి 20 నుంచి 24 పౌండ్-అడుగులు, 1310కి 14 నుంచి 17 చాలు. అతిగా బిగిస్తే కప్పు గుండ్రదనం పోయి సూది బేరింగులు మాడిపోతాయి. చేత్తో బిగించి ఊరుకోకుండా టార్క్ రెంచ్ వాడండి.

ప్రశ్న: గ్యాస్ (యాక్సిలరేటర్) కొట్టినప్పుడు మాత్రమే వణుకు వస్తుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించాలా?

జవాబు 2: బ్యాలెన్స్ తప్పితే వేగంతో పాటు పెరుగుతుంది, గ్యాస్ వదిలినా పోదు. ముందు షాఫ్ట్‌కి అంటుకున్న మట్టి గోకి చూడండి. గ్యాస్ కొట్టినప్పుడే వస్తోందంటే కోణం తప్పు. గ్యాస్‌కి ఇరుసు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, పుల్‌బార్ (ఇరుసు పైభాగాన్ని ఛాసిస్‌కి కలిపే స్ప్రింగు కడ్డీ) ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి నిలబడి ఉన్నప్పుడు పినియన్ ముక్కు కొంచెం కిందికే ఉండాలి. గ్యాస్‌లో రెండు జాయింట్ల కోణాలూ సమానంగా, మూడు డిగ్రీల లోపు ఉంటే మంచిది. అలాగని సున్నా పెట్టకండి. సూదులు కదలక ఒకేచోట గాడి పడతాయి. కప్పు అంచున ఎర్రటి పొడి కనబడితే గ్రీజు ఎండిపోయినట్టే, ఆ క్రాస్ ఆ రోజే మార్చాలి.