గ్యాస్ పైప్‌లైన్ల భద్రతకు వేరే చట్టం కావాలా, ఉన్నవి చాలవా?

గోదారి గట్టు:
నగరం అనే ఊరి నుంచే మొదలుపెడతాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో మామిడికుదురు మండలం నగరంలో, తాటిపాక నుంచి కొండపల్లి వెళ్ళే, ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ వాళ్ళ 18 అంగుళాల లైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలుచున్నవి నిలుచున్నట్టే మాడిపోయాయి.

మా పొలంలోంచి కూడా ఒక లైను పోతుంది, అది వేరే ఊరు, వేరే లైను. పైప్‌లైన్ల కోసం భూమి వాడుకునే హక్కు మీద ఉన్న 1962 చట్టం ప్రకారం భూమి నాది, పైపు వేసుకునే హక్కు కంపెనీది. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇందుకు ఇచ్చే పరిహారం మార్కెట్ విలువలో 10 శాతం. చెట్టు నాటకూడదంటే మాకు కొబ్బరి పోయినట్టే. సరే, దేశానికి గ్యాస్ కావాలి, ఒప్పుకున్నాం.

కానీ ఆ చట్టంలో చేయకూడనివన్నీ మాకే ఉన్నాయి. 2011లో సవరించి పైపుకు చిల్లు పెట్టేవాళ్ళకు శిక్షలు గట్టిగా పెంచారు. మంచిదే. మరి పైపు లోపల తుప్పు పడుతుంటే చూడనివాళ్ళ సంగతేంటి? మా చేను మీదుగా లైన్ వాకర్ కర్ర పట్టుకుని నడిచి వెళ్తుంటాడు. లోపల పైపు ఎలా ఉందని ఒకసారి అడిగాను. "ఎవరైనా తవ్వారా, మట్టి కదిలిందా అనేదే నేను చూసేదండీ, లోపలి సంగతి నాకు తెలీదు" అన్నాడు. అతని తప్పేం లేదు. తెలిసినవాళ్ళు ఎవరూ మా దగ్గరికి రారు. అందుకే వేరే చట్టం కావాలంటున్నాను. తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏం తేలింది అన్నది లైను పక్కన బతికేవాళ్ళకు చెప్పి తీరాలని అందులో ఉండాలి.

పైపు పని 22 ఏళ్ళు:
మీ బాధ అర్థమవుతుంది, కానీ చట్టం లేక నగరం జరగలేదండీ. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు వచ్చింది. 2009లో భద్రతా ప్రమాణాల నిబంధనలు, 2012లో పైపు పటిష్ఠత మీద ఇంకొన్ని నిబంధనలు తెచ్చారు. ఇవన్నీ నగరం కంటే ముందువే.

అక్కడ జరిగింది మామూలు మాటల్లో చెప్తాను. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారని విచారణ కమిటీయే తేల్చింది. గ్యాస్‌తో వచ్చిన నీరు పైపు అడుగున, పల్లంగా ఉన్నచోట నిలబడుతుంది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి ఆమ్లంగా మారి ఉక్కును తింటుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. పిగ్ అనే పరికరాన్ని లోపలికి పంపి నీరు, మడ్డి తోసేయాలి. సెన్సర్లున్న పిగ్ పంపితే గోడ ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది. ఇదంతా ఎప్పటినుంచో ఉన్న పని. ఆ పని చేయించే తనిఖీ మనుషులు కావాలి. ఇంకో చట్టం రాస్తే అల్మారాలో ఇంకో పుస్తకం చేరుతుంది.

కోర్టు మెట్లు:
ఆ విచారణ కమిటీని వేసింది పెట్రోలియం శాఖ. గెయిల్ ఆ శాఖ కిందిదే. భద్రతా ప్రమాణాలు రాసే ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్) కూడా ఆ శాఖదే. ఒకే ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు ఎంత గట్టిగా అడుగుతారు? 2006 చట్టంలో ఒక్కో ఉల్లంఘనకు జరిమానా 1 కోటి దాటకూడదు, తప్పు కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా. పైప్‌లైన్ కంపెనీకి ఇది ఒక లెక్కా?

కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 2010 సెప్టెంబర్ 9న 30 అంగుళాల లైను పేలి 8 మంది పోయారు, 38 ఇళ్ళు నాశనమయ్యాయి. గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. అక్కడ విచారించిన సంస్థ కంపెనీతోపాటు ప్రభుత్వ నియంత్రణ సంస్థలనూ తప్పుపట్టి, నివేదిక అందరికీ బయటపెట్టింది. 2022లో అమెరికాలో నిబంధన మారింది. 6 అంగుళాలు, అంతకంటే పెద్ద కొత్త లైన్లలో చాలావాటికి, పైపు పగిలిందని తేలాక 30 నిమిషాల్లో మూసేసే వాల్వులు ఉండాలన్నారు. విచారణ వేరే చేతుల్లో ఉంటేనే ఇలాంటివి బయటికొస్తాయి. మనకు కావలసింది అది.

పైపు పని 22 ఏళ్ళు:
విచారణ వేరేగా ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను. ఇందాక నేను దాని గురించి ఆలోచించలేదు. కానీ తనిఖీ వివరాలన్నీ ఊళ్ళో పెట్టడం నాకు భయం. పైపు ఎక్కడ బలహీనంగా ఉందో ప్రపంచానికంతా చెప్తే దొంగలకు, విధ్వంసం చేసేవాళ్ళకు దారి చూపినట్టే. పైగా అంకెలు చదవడం రాకపోతే ఊరంతా టెన్షన్. గోడ 20 శాతం తగ్గినంత మాత్రాన పైపు పేలదు.

గోదారి గట్టు:
లైను ఎక్కడుందో మా గట్టు మీద పాతిన రాయే చెప్తోందండీ, దొంగకు కొత్తగా చెప్పేదేం లేదు. గోడ మందం అంకెలు వద్దు, వదిలేద్దాం. పిగ్ చివరిసారి ఎప్పుడు పంపారు, మళ్ళీ ఎప్పుడు పంపాలి, ఆ తేదీ దాటిందా లేదా, ఈ మూడూ పంచాయతీ బోర్డు మీద రాయమనండి. రాత్రిపూట గ్యాస్ వాసన వస్తే ఫోన్ చేయడానికి నంబరు, ఆ ఫిర్యాదు ఎప్పుడు అందిందో, ఎవరు వచ్చి చూశారో రాసిన పుస్తకం ఉండాలి. లీకవుతోందని ముందే చెప్పామని నగరంలో జనం అప్పట్లో మొత్తుకున్నారు. ఆ మాట ఎక్కడా రాసి లేకపోతే, రేపు చెప్పలేదంటే ఏం చూపిస్తాం?

పైపు పని 22 ఏళ్ళు:
ఆ మూడు తేదీలు, ఫిర్యాదు పుస్తకం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ దీనికి చట్టం దాకా ఎందుకు, నియంత్రణ బోర్డు నిబంధన మారిస్తే సరిపోతుందనే ఇప్పటికీ అంటాను.

కోర్టు మెట్లు:
తేదీలకు సరిపోవచ్చు. 1 కోటి హద్దు మాత్రం చట్టంలోనే ఉంది, పార్లమెంటుకు వెళ్ళాల్సిందే.