అడ్డాకుల చేతి ప్రెస్సు: హ్యాండిల్ పొడిగిస్తే బలం ఎంత పెరుగుతుంది?

రాయగడ అడ్డాకు:
మా సంఘం ఆడవాళ్ళు అడ్డాకులు కుట్టి చేతి ప్రెస్సు మీద ప్లేట్లు వేస్తారు. డై, అంటే ఆకుని ప్లేటు ఆకారంలో నొక్కే వేడి అచ్చు, 12 అంగుళాలది. హ్యాండిల్ వెనక చివర పిన్నుతో ఫ్రేముకి బిగించి ఉంది, అక్కణ్ణుంచి 4 అంగుళాల్లో పై డైని నొక్కే రాడ్డు, 36 అంగుళాల్లో చెయ్యి పట్టే చోటు. ప్లేటు అంచు ఒకపక్క నిలబడట్లేదు, కాసేపటికే విచ్చుకుపోతోంది. పార్వతీపురంలో వెల్డింగు మేస్త్రి ఇంకో రెండడుగుల పైపు అతికిస్తే సరిపోతుందంటున్నారు. ఇప్పుడు డై మీద పడేది చేతి బలానికి 8 రెట్లని ఆయన, కాదు 9 అని పదో తరగతి చదివే మా అబ్బాయి. ఏది కరెక్టు? రోజంతా నొక్కేవాళ్ళకి భుజాలు లాగేస్తున్నాయి, అందుకే డబ్బు పెట్టే ముందు అడుగుతున్నా.

పర్లాకిమిడి సైన్సు టీచరు:
మీ అబ్బాయి చెప్పిందే కరెక్టండి. రెండు దూరాలూ ఆ వెనక పిన్ను దగ్గర్నుంచే కొలవాలి, 36ని 4తో భాగిస్తే 9. మేస్త్రిగారు రాడ్డు నుంచి చేతికున్న 32ని లెక్కలోకి తీసుకుని ఉంటారు. పిన్ను మధ్యలో ఉండి, రాడ్డు ఒకవైపు, చెయ్యి ఇంకోవైపు ఉండే ప్రెస్సుకైతే అది సరిపోయేది. మీరు 20 కిలోల బలంతో నొక్కితే డై మీద 180 కిలోలు, రాపిడికి కొంత పోతుంది. పైపు అతికిస్తే 60 బై 4, అంటే 15 రెట్లు, 300 కిలోలు. కానీ అది ఊరికే రాదు. డై 2.5 అంగుళాలు దిగాలంటే ఇప్పుడు చెయ్యి 22.5 అంగుళాలు కదిలితే చాలు, అప్పుడు 37.5 కదలాలి, మూడడుగుల పైమాటే. కాస్త పొట్టిగా ఉన్నావిడైతే ఎత్తిన హ్యాండిల్ అందుకోవడానికే మునివేళ్ళ మీద నిలబడాలి. భుజాల నొప్పి దీంతో తగ్గుతుందని నేననుకోను.

గుణుపురం లేత్:
పిన్ను సంగతి కూడా చూడాలి. రాడ్డు 300 కిలోలతో కిందికి నొక్కుతుంటే వెనక పిన్ను మీద పైకి 280 పడుతుంది, ఇప్పుడు పడేది 160. పిన్ను అరిగి కన్నం వదులైతే హ్యాండిల్ పక్కకి ఊగి డై ఒరిగి దిగుతుంది. మీరు "ఒకపక్క" అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. బలం చాలకపోతే అంచు చుట్టూతా మెత్తగా రావాలి కదా, ఒకపక్కే ఎందుకొస్తుంది? డై బాగా చల్లారాక తెల్లకాగితం మీద కార్బన్ పేపరు పెట్టి ఒకసారి నొక్కండి. ముద్ర చుట్టూతా సమానంగా, పలచగా పడితే బలం తక్కువని. ఒకపక్క నల్లగా, ఇంకోపక్క వెలిసిపోయినట్టు వస్తే పైపు డబ్బులు దండగ.

రాయగడ అడ్డాకు:
ఇప్పుడే చూశాం. ఎడమవైపు నాలుగు వేళ్ళ మేర ముద్రే లేదు, హ్యాండిల్ పట్టుకుని కదిపితే పిన్ను దగ్గర టకటకమంటోంది. బాగు చేయించాక నిజంగా డై మీద ఎన్ని కిలోలు పడుతున్నాయో చూసుకునే దారుందా?

పర్లాకిమిడి సైన్సు టీచరు:
ఉందండి. కింది డై విప్పి, ఆ చోట మనుషులు బరువు చూసుకునే మిషను పెట్టండి. హ్యాండిల్ అడ్డంగా సమంగా ఉండేలా కింద చెక్కలు పేర్చుకోవాలి. ముందు ఊరికే వాల్చి ఎంత చూపిస్తుందో రాసుకోండి, ఎందుకంటే హ్యాండిల్ సొంత బరువు కూడా కొన్ని రెట్లయి డై మీద పడుతుంది. తర్వాత చెయ్యి పట్టే చోట 5 కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. లెక్క ప్రకారం 45 పెరగాలి. 38 పెరిగితే 7 కిలోలు రాపిడి తినేస్తోందన్నమాట, గ్రీజు పెట్టి మళ్ళీ చూడండి.

గుణుపురం లేత్:
కొత్త పిన్ను లేత్ మీద చేయించి, దానికి తగ్గ గన్‌మెటల్ బుష్ (కన్నంలో పిన్ను చుట్టూ కూర్చునే లోహపు గొట్టం) వేయించండి, కింది డై కింద పలచటి రేకు ముక్కలు పెట్టి లెవెల్ చూసుకోండి. అప్పటికీ అంచు నిలబడకపోతే రాడ్డుకి 3 అంగుళాల్లో ఇంకో కన్నం వేయించవచ్చు, 12 రెట్లవుతుంది, చెయ్యి 30 అంగుళాలు కదిలితే సరిపోతుంది. పాత కన్నం మాత్రం మూయించకండి.