బాలింతకు మీ ఇంట్లో ఏం పెట్టారు?

దేవరకొండ అక్క:
మా చెల్లెకు ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. తల్లిగారింట్లోనే ఉంది. అమ్మమ్మ రెండు పూటలా ఎల్లిగడ్డ కారంతో అన్నమే పెడుతోంది. కూర లేదు, పండు లేదు. నీళ్లు రోజుకు రెండు గ్లాసులే, ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట. చెల్లెకు మూడు రోజులుగా విరేచనం కాలేదు. బిడ్డకు పాలు చాలడం లేదని ఒకటే టెన్షన్. అమ్మమ్మ మనసు నొచ్చకుండా ఏం మార్చాలి?

పాలమూరు కోడలు:
అక్కా, ముందు నీళ్లు. నా మొదటి కాన్పులో నన్నూ అట్లే ఉంచారు. మూత్రంలో మంట వచ్చి మళ్లీ దవాఖానకు పోయిన. రెండోసారి అమ్మ ఓమ వేసి మరిగించిన నీళ్లు చెంబు నిండా పక్కన పెట్టేది. బిడ్డకు పాలిచ్చినప్పుడల్లా ఒక గ్లాసు తాగేదాన్ని. ఓమ నీళ్లు కదా, మా అత్తమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

నాగర్‌కర్నూల్ తల్లి:
మా ఇంట్లో కాయం తప్పనిసరి. సొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఓమ విడివిడిగా వేయించి, దంచి జల్లించి, బెల్లం పాకంలో నెయ్యితో ముద్ద కడతారు. పొద్దున ఉసిరికాయంత చాలు. నేను రుచి పడి రెండు ముద్దలు తింటే కడుపంతా మంట. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తినొద్దు. ఒక పూట అన్నం బదులు వేడి జొన్నరొట్టె, నెయ్యి, మెంతికూర పప్పు పెట్టండి. నాకు విరేచనం సాఫీ అయింది వాటితోనే. బీరకాయ, సొరకాయ కూడా వండొచ్చు.

మిర్యాలగూడ అంగన్‌వాడీ టీచర్:
చెల్లె పేరు మీ ఊరి సెంటర్‌లో రాయించారా? తెలంగాణ సర్కారు పథకం ఆరోగ్య లక్ష్మి 2015లో మొదలైంది. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లికి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. పచ్చి బాలింత గడప దాటొద్దని చాలామందిని పంపరు, అదే నా బాధ. కాన్పు కాగానే ఐరన్ గోలీలు మానేస్తారు, కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. చాయ్‌తోనూ, కాల్షియం గోలీతోనూ కలిపి వేసుకోవద్దు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే దవాఖానకే.

సూర్యాపేట వదిన:
నీసు తింటారా? మాకు పదకొండో రోజు నుంచి మేక కాళ్ల పులుసు పెట్టారు, కారం తగ్గించి. వారానికోసారి కార్జం వేపుడు. కుట్లు మానాలంటే కండకు బలం కావాలి కదా. గుడ్డు మాత్రం రోజూ పెట్టండి.

దేవరకొండ అక్క:
అందరికీ దండం. ఓమ నీళ్లు మొదలుపెట్టినం, నిన్న విరేచనం అయింది. అమ్మమ్మతో కూర్చొని మెల్లగా మాట్లాడిన. ఆమె కాన్పుల నాడు ఇంట్లో కూరకు డబ్బుల్లేవట, ఉన్నది ఎల్లిగడ్డ కారం ఒక్కటేనట. చెబుతూ ఏడ్చింది. పొద్దున తనే పెరట్లో మునగాకు తెంపి పెసరపప్పులో వేసింది.