ఇంట్లో రికార్డ్ చేస్తే గిటార్ కందిరీగల్లా మోగుతోంది, పాత మెటల్ టోన్ రావాలంటే ఏం చేయాలి?

మియాపూర్_రిఫ్:
అన్నలూ, మూడు నెలలుగా కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కాక అడుగుతున్నా. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, కింద ఫ్లాట్ ఆంటీ వాళ్లబ్బాయి ఇంటర్ సెకండియర్, కాబట్టి యాంప్ పెట్టి వాయించే మాటే లేదు. హంబకర్ పికప్‌లు (తీగల కదలికను పట్టే అయస్కాంతాలు) ఉన్న ఓ చౌక గిటార్, గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఫ్రీగా దొరికిన యాంప్ సిమ్ (యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్), హెడ్‌ఫోన్స్, ఇంతే నా స్టూడియో. కావాల్సింది మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఆల్బమ్‌లో రిథమ్ గిటార్ లాంటిది, బిగుతుగా, గోడ కట్టినట్టు. వస్తున్నది మాత్రం రేకు డబ్బాలో కందిరీగల్ని వేసి ఊపినట్టు ఉంది. గెయిన్ (శబ్దాన్ని చిరిగేలా చేసే నాబ్) 10, బాస్ 8, మిడ్ (మధ్యస్థాయి శబ్దం) సున్నా, ట్రెబుల్ 9 పెట్టాను, మెటల్ అంటే మిడ్ తీసేయాలని అందరూ అంటారు కదా. ఒక టేక్ వాయించి దాన్నే కాపీ చేసి ఎడమకొకటి కుడికొకటి పెట్టాను, అయినా అంతా నడిమధ్య నుంచే వినిపిస్తోంది. ఇది చాలదన్నట్టు వాయించడం ఆపితే చాలు గుయ్యిమని ఒకటే మోత. కొత్త గిటార్ కొనాలా? ఈఎంఐలో అయినా తీసుకుంటా.

పాతటేపు_సైనిక్‌పురి:
తమ్ముడూ, ఈఎంఐ జోలికి పోకు. ముందు ఒకటి చెప్పు, నీ సిమ్‌లో క్యాబినెట్ భాగం, అంటే స్పీకర్ పెట్టెను అనుకరించేది, ఆన్‌లో ఉందా? కొన్ని ఫ్రీ సిమ్‌లు ఒట్టి యాంప్ హెడ్డే ఇస్తాయి, స్పీకర్ ఉండదు, దానికి ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్ (స్పీకర్, మైకు స్వభావాన్ని పట్టి ఉంచిన ఫైల్) విడిగా లోడ్ చేయాలి. గిటార్ స్పీకర్ మన ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్ లాంటిది కాదు, 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. అది చేతులెత్తేయడమే మనకు వరం, డిస్టార్షన్‌లో, అంటే చిరిగిన శబ్దంలో, ఉండే గీరుడంతా అక్కడే ఆగిపోతుంది. నువ్వు చెప్పిన కందిరీగలు అవే. సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్, దాని ముందు ఎస్‌ఎం57 మైకు ఉన్న ఫైల్ ఏదైనా వేసి చూడు, సగం రోగం అక్కడే కుదురుతుంది.

ఇక మిడ్ సంగతి. ఆ ఆల్బమ్ 1986లో వచ్చింది, రికార్డ్ చేసింది కోపెన్‌హాగన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో, వాడిన యాంప్ మీసా బూగీ మార్క్ టూ సీ ప్లస్. ఆ యాంప్ ముఖం మీద ఐదు స్లైడర్ల ఈక్యూ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో సర్దేది) ఉంటుంది, 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్ అని. అందరూ మధ్యలో ఉన్న 750ని కిందికి లాగిన ఫొటో చూసి 'మిడ్ సున్నా' అని డిసైడైపోయారు. అసలు కిటుకు ఏంటంటే ఆ స్లైడర్లు డిస్టార్షన్ అయ్యాక వస్తాయి. డిస్టార్షన్‌కి ముందుండే బాస్ నాబ్‌ను ఆ యాంప్ వాడేవాళ్లు బాగా తగ్గించే పెడతారు. లావు బాస్‌ను తీసుకెళ్లి డిస్టార్షన్‌లోకి తోస్తే ముద్దపప్పు అవుతుంది. ముందు తీసెయ్, ముద్ద కాకుండా చిరగనివ్వు, తర్వాత కావాల్సినంత బాస్ కలుపుకో. నువ్వు వరస తిరగేశావు, అంతే తేడా.

మార్షల్ జేసీఎం800 యాంప్ సిమ్ వాడేవాళ్లు దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టేది కూడా ఇందుకే. డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. దాన్ని పెట్టేది డిస్టార్షన్ కోసం కాదు, లో ఎండ్ కోసేసి 720 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త ఎత్తుతుందని. నీ సిమ్‌లో ఏదో ఒక పచ్చ రంగు పెడల్ బొమ్మ ఉండే ఉంటుంది, అదే.

కాపీ పేస్ట్ మాత్రం చేయకు. ఒకే టేక్ రెండు వైపులా ఉంటే చెవికి అది ఒక్కటే గిటార్, మధ్యలోనే వినిపిస్తుంది. రెండుసార్లు వాయించాలి, వేరే దారి లేదు. ఆ ఆల్బమ్‌లో రిథమ్ పార్టులు మెటాలికా గాయకుడు, గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక్కడే మళ్లీ మళ్లీ వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. రెండు టేకుల మధ్య ఉండే ఆ వెంట్రుకవాసి తేడాలే నీకు గోడలా వినిపించేది.

మూడోకన్నం:
గుయ్యి మోత గురించి నేను చెప్తా, ఏడాది ఏడ్చినవాణ్ణి. వాయించకుండా ఊరికే తీగల మీద చెయ్యి పెట్టు. మోత తగ్గిందా? అయితే ఎర్తింగ్ సంగతి చూసుకో. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే తగ్గిందా? అయితే చార్జర్. కుర్చీలో కూర్చునే మెల్లగా చుట్టూ తిరుగు, ఒక దిక్కున తగ్గి ఇంకో దిక్కున పెరిగితే మానిటరో, ఎల్‌ఈడీ లైటో, ఫ్యాన్ రెగ్యులేటరో పికప్‌లోకి దూరుతోంది.

మాది పద్మారావునగర్‌లో పాత ఇల్లు. కేబుల్ మార్చా, ఇంటర్‌ఫేస్ మార్చా, పికప్ చుట్టూ రాగి రేకు కూడా అంటించా, 50 హెర్ట్జ్ మోత అలాగే ఉంది. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మూడో కన్నం వెనకాల వైరే లేదు, కన్నం అలంకారానికి పెట్టారు. ఆయన నా మొహం చూసి నవ్వాడు, నేను ఖర్చుపెట్టిన డబ్బులు తల్చుకుని నేనూ నవ్వా. ఇంకోటి, తీగ ముట్టుకుంటే ఎప్పుడైనా చిన్నగా జిల్లుమంటే టోన్ సంగతి పక్కనపెట్టి అదే రోజు కరెంటు పని చేయించు, అది ఆటలాడే విషయం కాదు.

గెయిన్ 10 ఉన్నంతకాలం నాయిస్ గేట్ (వాయించనప్పుడు మోతను కోసేసే ఎఫెక్ట్) పెట్టినా లాభం లేదు బ్రో, నోట్ తోక కూడా కోసేస్తుంది.

డౌన్‌పిక్_భయ్యా:
పాతటేపు అన్న చెప్పినదాంతో నాకు పేచీ లేదు గానీ అందరూ నాబ్‌ల దగ్గరే ఆగిపోతున్నారు. మెటల్ టోన్‌కి మూలపురుషుడు బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీ, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 17 ఏళ్లకే కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్స్ నొక్కే చెయ్యే అది. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, నొప్పి తగ్గాలని సన్నటి తీగలు వేశాడు, తర్వాత మూడు సెమీటోన్లు కిందికి ట్యూన్ చేశాడు. 1971 ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో వినిపించే ఆ బరువు అలా వచ్చింది. పాత ఆల్బమ్‌లు ఓసారి హెడ్‌ఫోన్స్‌లో గిటార్ మీదే చెవి పెట్టి విను, మనం ఊహించుకునే గెయిన్‌లో సగం కూడా ఉండదు. కాబట్టి నువ్వు 10 నుంచి 5కి రా. పల్చగా అనిపిస్తుంది, భయపడకు. కింద బాస్ గిటార్ కలిపాక చూడు, నువ్వు గిటార్ లావు అనుకున్నదాంట్లో సగం బాస్ గిటారే.

అన్నీ ఫుల్ అనే బ్యాచ్‌కి ఒక మినహాయింపు ఉంది, స్వీడన్ డెత్ మెటల్. బాస్ (Boss) అనే కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పేస్తారు, మస్తుగా ఉంటుంది. కానీ నీకు కావాల్సింది అది కాదు.

కుడిచెయ్యి బ్రిడ్జ్ మీద ఎక్కడ ఆనిస్తున్నావో చూసుకో. రెండు మిల్లీమీటర్లు ముందుకి జరిగితే చచ్చిన తీగలా టప్‌మంటుంది, వెనక్కి జరిగితే గంటలా మోగుతుంది. ఆ మధ్యలో ఉంది నీ టోన్. పల్చటి పిక్ వాడుతుంటే తీసి పారెయ్.

మియాపూర్_రిఫ్:
అన్నలూ, పరువు పోయింది. క్యాబినెట్ ఆఫ్‌లో ఉంది. మూడు నెలలు!! పైగా ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ కూడా నొక్కలేదు, లైన్ మీదే వాయిస్తున్నా. అది నొక్కి రికార్డింగ్ లెవెల్ పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టాను, పచ్చ పెడల్ ఆన్ చేశాను, గెయిన్ 5, బాస్ 3, తర్వాత ఈక్యూలో 750 దగ్గర కొంచెం తగ్గించి కింద 90 హెర్ట్జ్, పైన 10 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేశాను. మొదటి రిఫ్ కొట్టగానే గిటార్ వేరేవాళ్లది అనిపించింది. మోత చార్జర్‌దే, పీకితే పోయింది, రికార్డ్ చేసేటప్పుడు బ్యాటరీ మీదే నడిపిస్తున్నా.

ఇప్పుడు అసలు బండారం బయటపడింది. గెయిన్ తగ్గించాక నా తప్పులన్నీ వినిపిస్తున్నాయి. రెండో టేక్ మొదటిదానితో కలవట్లేదు, ఒక చోట ముందు, ఒక చోట వెనక. 200 దాటిన టెంపోలో మొత్తం డౌన్‌స్ట్రోక్స్ అంటే ముంజేయి మండిపోతోంది.

డౌన్‌పిక్_భయ్యా:
మండాలి. మెట్రోనోమ్ 140లో పెట్టుకుని నాలుగు బార్లు మాత్రమే రెండుసార్లు రికార్డ్ చెయ్, ఎడమ కుడి పెట్టి ఆదివారం లోపు క్లిప్ ఇక్కడ పెట్టు. ఎడిట్ చేసి కలపకు, తెలిసిపోతుంది.