క్రీడల నుంచి విరమించాక భోజన సేవ: ఎవరికి ఏది పెట్టాలి?

ప్రశ్న (మాజీ వెయిట్‌లిఫ్టర్, నెల్లిమర్ల వైపు)

అందరికీ నమస్కారం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి గారు 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన తరువాత బరువులు పట్టిన ఆడపిల్లలలో నేనూ ఒకదాన్ని. మోకాలి నొప్పి వల్ల పోటీలు మానుకున్నాను గాని, ఊళ్లో తిండి గురించి, ఆరోగ్యం గురించి ఏ సందేహం వచ్చినా ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఆ నమ్మకాన్ని పదిమందికి ఉపయోగపడేలా చేయాలని మిత్రులతో కలిసి ఒక సేవాసంఘం పెట్టదలచుకున్నాను. పలాస, సోంపేటలలో డయాలసిస్‌కు వచ్చే ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల రోగులకు భోజనంతో పాటు గుడ్లు, అరటిపండు, కొబ్బరినీళ్లు, మాకు శిక్షణ శిబిరాలలో ఇచ్చినట్లు ప్రొటీన్ పొడి ఇవ్వాలని, మా మండలంలోని పిల్లలకు చోడి (రాగి) జావ పోయాలని ఆలోచన. అనుభవమున్నవారు మంచిచెడ్డలు చెప్పగలరు.

జవాబు (డయాలసిస్ విభాగంలో పనిచేసిన నర్సు, సోంపేట)

అమ్మా, సంకల్పం మంచిదే గాని, మీ జాబితాలోంచి అరటిపండును, కొబ్బరినీళ్లను ముందు తీసివేయండి. మూత్రపిండాలు పనిచేయనివారికి ఒక డయాలసిస్‌కూ మరో డయాలసిస్‌కూ మధ్య రక్తంలో పొటాషియం పేరుకుపోతుంది. అది హద్దు మీరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఉద్దానం పంటలంటే కొబ్బరి, జీడి, పనస కదా, సరిగ్గా ఆ మూడింటినే మా రోగులు దూరం పెట్టవలసి రావడం ఆ నేల దురదృష్టం. పెరట్లో కాసిన కాయను తినవద్దని ఒక రైతుతో చెప్పడం ఎంత కష్టమో చెప్పినవారికే తెలుసు. పరామర్శకు వచ్చే బంధువులు ప్రేమకొద్దీ తెచ్చేవి కూడా అరటి హస్తం, కొబ్బరి బోండాలే.

మాంసకృత్తుల (ప్రొటీన్) విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జబ్బు ముదరక, డయాలసిస్ దాకా రానివారికి మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలైనవారికి ఆ ప్రక్రియలోనే కొంత పోతుంది కనుక పెంచమంటారు. ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరికి ఒకే విస్తరి పనికిరాదన్నమాట. డయాలసిస్‌లో ఉన్నవారికి గుడ్డులో తెల్లసొన మేలు, పచ్చసొనలో భాస్వరం ఎక్కువ. పొడుల జోలికి వెళ్లకండి. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు వార్చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. మా ఇళ్లలో కూర ఉడికిన నీళ్లు పారబోయడమంటే మహాపాపం, అందుకే నోటితో చెబితే వినరు, ఎదురుగా వండి చూపాలి. ఎండు చేపలు, ఊరగాయలు వద్దు. మజ్జిగ, జావ కూడా రోజుకు ఇంతే తాగాలన్న నీళ్ల లెక్కలోకే వస్తాయి.

ఇక, రోగి నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుంటే వెంట వచ్చిన భార్యో కొడుకో బయట బల్ల మీద ఏమీ తినకుండా కూర్చుంటారు. వారానికి మూడు రోజులు కూలి మానుకుని వచ్చే ఆ మనుషుల సంగతి ఎవరికీ పట్టదు. మీ భోజనం వారికి పెట్టండి, అందులో ఏ ప్రమాదమూ లేదు.

మరొక మాట. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు, కనుక వేదికల మీద నీటినో తిండినో నిందించకండి. మీరు చెబితే వినే విషయం ఒకటుంది: ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి కొని మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. ఏళ్ల తరబడి బరువులెత్తిన మనిషి వాటి గురించి హెచ్చరిస్తే, తెల్లకోటు వేసుకున్న మా మాట కంటే ఎక్కువ చెవికెక్కుతుంది.

జవాబు (ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా)

పిల్లల సంగతి వరకే రాస్తాను. చోడి జావ మంచి ఆలోచనే. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే బడి తెరిచి ఉన్నన్నాళ్లు మధ్యాహ్న భోజనం ఉండనే ఉంది. అది ఆగిపోయేది వేసవి సెలవుల్లో. తల్లిదండ్రులు ఉపాధి పనులకో వలసకో పోతే పిల్లలు పొద్దుటి చద్దన్నంతోనే సాయంత్రం దాకా నెట్టుకొస్తారు. మీ సంఘం ఆ ఆరేడు వారాలను పట్టుకుంటే చాలు. 2020లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫోర్డ్ సరిగ్గా ఈ సెలవుల ఆకలి మీదనే పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ రాసి, ప్రభుత్వం తన నిర్ణయం మార్చుకునేలా చేశాడు. దానితో సుమారు 13 లక్షల మంది పిల్లలకు వేసవి భోజన కూపన్లు అర్హత మేరకు దక్కాయి. అతడప్పటికి ఆట మానలేదనుకోండి, అది వేరే మాట. మీరు వండగలిగేది వంద మందికి, అదే కలెక్టరు గారి ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో శాసనసభ్యుని ఎదుటో నిలబడి అడిగితే జిల్లా అంతటికీ ప్రయోజనం కలగవచ్చు. నా ఓటు రెండో దానికే.

జవాబు (సేవాసంఘాల లెక్కలు చూసే వ్యక్తి, శ్రీకాకుళం)

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘం నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థకు, దాతలకు మినహాయింపులు ఆ తరువాత చూసుకోవచ్చు. ఉచితంగా పెట్టినా ఆహార భద్రతా నమోదు అవసరమే. పెళ్లిళ్లలో మిగిలిన భోజనం ఇస్తామని చాలామంది ముందుకు వస్తారు; దానికి 2019 నాటి నిబంధనలు ప్రత్యేకంగా ఉన్నాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం వండిన పప్పు సాయంత్రానికి ఏమవుతుందో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు కనుక, మొదటి ఏడాది ఆ జోలికి పోకండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. రోగులకు భోజనం పెట్టే ఆలోచన విరమించుకుని, వెంట వచ్చేవారికి అన్నం, పప్పు, ఒక కూరతో ప్రారంభిస్తాము. నర్సు గారూ, కూరగాయల నీళ్లు వార్చే పద్ధతిని మీరే ఒకసారి మా సభ్యులకు వండి చూపగలరా? స్థలం, పొయ్యి మేము చూసుకుంటాము. వేసవి భోజనంపై కలెక్టరు గారికి ఇవ్వదలచిన వినతిపత్రాన్ని రాసి ఇక్కడే పెడతాను, మాస్టారు గారు దిద్దిపెట్టాలి.

జవాబు (నర్సు, సోంపేట)

ఆదివారం అయితే వస్తాను. బంగాళాదుంప, ములక్కాడ, వంకాయ తెప్పించండి. వండేది మాత్రం మగవాళ్లూ చూడాలి.